గౌస్ అడగని ప్రశ్న

గౌస్ పోయాడన్న వార్త ఈ 1999 నవంబర్‌లో ఒక సోమవారం ఉదయం ఎదురింటివాళ్ల ఫోనుకు వచ్చింది. చేసింది అతని భార్య హలీమా, కబురంది వెళ్లిన నార్కట్‌పల్లి దవాఖాన నుంచి. "టీచరమ్మా, ఆయన లేడు" అన్నది.   నార్కట్‌పల్లిలో, లారీలకు వైరింగు చేసే ఎవరిదో షెడ్డులో పని చేస్తూ చేస్తూ ఛాతీ పట్టుకుని కూర్చున్నాడట. దవాఖానకు చేరేలోపే ప్రాణం పోయింది. వయసు నలభై ఆరు. నా దగ్గర ఏడో తరగతిలో లెక్కలు నేర్చుకున్న పిల్లవాడికి డెబ్బై ఒకటో ఏట నేను సంస్మరణ రాయవలసి రావడం వరుస తప్పిన లెక్క. ఎన్నిసార్లు సరిచూసినా అది సరికాదు.

మా కొత్తకోట పాఠశాల పాత విద్యార్థులు వేస్తున్న సంచికకు రెండు పేజీలు రాయమన్నారు. "నాలుగు మంచి మాటలు రాయండి మేడం" అన్నారు. రాస్తాను. గౌస్ గురించి రాయడానికి మంచి మాటలకు కొరత లేదు. కానీ అతడు ఈ ఊరు విడిచి ఎందుకు వెళ్లాడో రాయకుండా ఎంత మంచివాడో రాస్తే అది సగం చేసి వదిలేసిన లెక్క అవుతుంది. సగం లెక్కకు నేనెప్పుడూ మార్కులు వేయలేదు. కాబట్టి వేస్తే ఇది మొత్తం వేయండి. కత్తిరించాలనిపిస్తే కాగితాలు నాకు తిరిగి పంపండి.

మొహమ్మద్ గౌసుద్దీన్ ఏడో తరగతిలో నాతో తరగతంతా వినేట్టు పోట్లాడాడు. జవాబు సరిగ్గా రాసి మెట్లు రాయలేదని నేను మార్కులు కోసేశాను. కాగితం ఎత్తి పట్టుకుని, "జవాబు కరెక్టే గదా టీచరమ్మా, ఎట్ల వచ్చిందో నీకెందుకు?" అన్నాడు. ఆ "నీకెందుకు"కు గోడకుర్చీ వేయించాను. గోడకుర్చీలో ఉండి కూడా, "జవాబైతే కరెక్టే" అని గొణిగాడు. నోరు మూసుకోవడం అతని జాతకంలో లేదని ఆ రోజే రూఢి అయింది. అందుకే ముప్పై ఏళ్ల తర్వాత అతడు నోరు మూసుకున్న రోజు నాకు అంతగా గుర్తుండిపోయింది.

మహబూబ్‌నగర్‌లో ఐటీఐ చదివి వచ్చి, 1975 ప్రాంతంలో బస్టాండు వెనక చిన్న దుకాణం పెట్టాడు. మొదట రేడియోలు, తర్వాత టేపురికార్డర్లు, టీవీలు. మెట్లు రాయనని పోట్లాడిన ఆ పిల్లవాడే ఒక్క మెట్టు కూడా దాటని పనివాడయ్యాడు. ఏ మిషను ఆగిపోయినా దాన్ని విప్పేవాడు కాదు, ముందు గోడ దగ్గరికి వెళ్లేవాడు. గోడకున్న ప్లగ్గులో కరెంటు ఉందా? ఉంటే తీగలోకి వస్తున్నదా? తీగ చివరిదాకా వస్తున్నదా? అక్కడి నుంచి లోపలికి పోతున్నదా? "సగం రోగాలు గోడకాడనే దొరుకుతయ్ టీచరమ్మా. మంది ఉత్తగనే మిషిని పొట్ట కోస్తరు" అనేవాడు.

అయితే గోడ దగ్గరికి వెళ్లే ముందు అడిగే ప్రశ్న ఒకటి ఉండేది. అది ఊరందరికీ తెలుసు.

"ఆఖరికి చెయ్యి పెట్టిందెవలు?"

ఈ ప్రశ్నకు ఎవరూ నిజం చెప్పేవారు కాదు. ఒకసారి నేను అతని దుకాణంలో ఉండగా పక్క ఊరి పటేల్ ఒకాయన ట్రాన్సిస్టర్ తెచ్చాడు. పలకడం లేదన్నాడు.

"ఆఖరికి చెయ్యి పెట్టిందెవలు?"

"ఎవ్వలు పెట్టలే గౌసూ. రాత్రి బాగనే పాడింది, పొద్దుగాల మూగవోయింది."

గౌస్ వెనక మూత తీసి లోపలి బ్యాటరీ సెల్లులు చూపించాడు. "ఎవ్వలు పెట్టకపోతే గీ మసాలాలు ఉల్టా ఎట్ల తిరిగినయ్ పటేలా? రాత్రి నిద్రల పక్కకు మర్లినయా?"

పటేల్‌కు కోపం వచ్చింది. కానీ దుకాణంలో ఉన్నవాళ్లంతా నవ్వడంతో ఆయనా నవ్వక తప్పలేదు. గౌస్ తిట్టు అలాంటిది. తప్పు ఎవరిదో చెప్పకుండా వస్తువును చేతికి ఇచ్చేవాడు కాదు. తహసీల్దారు ఇంట్లో టీవీ వెనక తడి బట్టలు ఆరేసినందుకు ఆయన భార్యను ఆయన ఎదుటే మందలించాడు. నన్నూ వదలలేదు. నేను అతడు చేసిచ్చిన స్టెబిలైజర్ మీద దుమ్ము పడకుండా కుట్టుపని చేసిన గుడ్డ కప్పాను. అది చూసి, "దీనికి చలి వెడతాంది అని చెప్పిందా టీచరమ్మా? ఊపిరాడక సస్తాంది" అని గుడ్డ లాగి నా చేతిలో పెట్టాడు. ఆ గుడ్డ నేను ఆరు వారాలు కుట్టింది.

ఆ స్టెబిలైజర్ల సంగతి చెప్పాలి. ఆ రోజుల్లో మా ప్రాంతంలో సాయంత్రం పొలాల మోటార్లు మొదలయ్యాయంటే ఇళ్లలో బల్బులు నిప్పుకణికల్లా ఎర్రబడేవి. టీవీలో బొమ్మ నాలుగు పక్కలా ముడుచుకుపోయేది. మోటార్లు ఆగగానే కరెంటు ఒక్కసారిగా పెరిగి బల్బులు మాడిపోయేవి. గౌస్ తన చేతులతో రాగితీగ చుట్టి, ఇనుప రేకులు పేర్చి, వార్నీషులో ముంచి, ఆకుపచ్చ డబ్బాల్లో స్టెబిలైజర్లు తయారు చేశాడు. ముందు భాగాన కరెంటు ఎంతుందో చూపే ఒక ముల్లు, వెనక రేకు మీద తెల్ల రంగుతో 'గౌస్' అని తన పేరు. మా ఊళ్లో టీవీ ఉన్న ఇళ్లలో ఎక్కువ ఇళ్లలో ఆ డబ్బానే ఉండేది. కరెంటు హెచ్చుతగ్గులైనప్పుడల్లా అది టక్కుమనేది. వీధిలో నడుస్తుంటే సాయంత్రాలు ఇంటింటి నుంచీ ఆ టక్కు వినిపించేది. రేడియో బాగుచేస్తే ఆ పని మరుసటి వారానికి అందరూ మరిచిపోతారు. డబ్బా మీది పేరు మాత్రం ఇంట్లో ఉండిపోతుంది. గౌస్ సంపాదించుకున్నదల్లా ఆ పేరే.

దర్గా ఉర్సు సంగతి కూడా ఇక్కడే చెప్పాలి, ఎందుకంటే తర్వాత జరిగినదానికి అది కొలత. ఒక ఏడాది ఉర్సులో కవ్వాలీ మొదలయ్యే వేళకు మైకు పలకలేదు. గౌస్‌ను పిలిచారు. వెళ్లాడు, గోడ నుంచి వరుసగా చూసుకుంటూ వచ్చాడు, ఆంప్లిఫయర్ పెట్టెకు మైకు తీగ దూర్చే రంధ్రం దగ్గర ఆగాడు. అందులో గంధం గడ్డకట్టి ఉంది. దర్గా సేవ చూసే ముజావర్ సాబ్ భక్తి కొద్దీ దర్గాకు గంధం పూసిన చేత్తోనే ఆ పెట్టెకూ పూశాడు. గౌస్ అక్కడే నిలబడి, వచ్చిన జనమంతా వినేట్టు, "హజ్రత్, గంధం దర్గాకు పుయ్యమన్నరు, ఆంప్లిఫయర్‌కు కాదు. గిది ఏ వలీ గోరీ అనుకున్నవ్?" అన్నాడు. ముజావర్ సాబ్ గడ్డం నిమురుకుంటూ నవ్వాడు. జనం నవ్వారు. రంధ్రం శుభ్రమైంది, కవ్వాలీ సాగింది. ఇందులో ఎవరి భక్తికీ భంగం కలగలేదు.

ఇక 1996 దసరా.

దామోదరం పల్లీల మిల్లు యజమాని. అతడూ నా శిష్యుడే, గౌస్ కంటే రెండు తరగతులు ముందు. అప్పట్లో నేను అతని చిన్న కూతురికి లెక్కలు చెప్పడానికి రోజూ మధ్యాహ్నం మిల్లుకు వెళ్లేదాన్ని. ఆఫీసు గదిలోనే ఒక పక్క బల్ల వేసేవారు. ఆ ఏడు అతని అల్లుడు బెంగుళూరు నుంచి ఒక ల్యాప్‌టాప్ తెచ్చి ఇచ్చాడు. కొత్తకోటకు వచ్చిన మొదటి ల్యాప్‌టాప్ అదే. మిల్లులో దాన్ని 'మడత కంప్యూటర్' అనేవారు. దాని కోసం దామోదరం గౌస్‌తో ప్రత్యేకంగా ఒక స్టెబిలైజర్ చేయించాడు. గౌస్ మామూలు కంటే రెట్టింపు శ్రద్ధతో చేశాడు. పెట్టిన రోజు, "సేటు, గిది ఉన్నంత కాలం నీ కంప్యూటర్‌కు ఫికర్ లేదు" అని నా ఎదుటే అన్నాడు.

దసరా నాడు మిల్లులో ఆయుధపూజ. నేను జమ్మి ఆకు ఇచ్చిపుచ్చుకోవడానికి వెళ్లాను. దామోదరం ఎడమ చేతిలో పసుపు, కుంకుమ కలిపిన గిన్నె పట్టుకుని, కుడిచేతి ఉంగరం వేలితో ఒక్కొక్కదానికీ బొట్టు పెడుతూ పోయాడు. తరాజు, మిషను, లారీ, తాళంచెవుల గుత్తి. చివరికి ల్యాప్‌టాప్. దాన్ని ఎత్తి చుట్టూ తిప్పుతూ మూతకు, పక్కలకు, చార్జరుకు కూడా పెట్టాడు. వేలు తడిగా ఉంది. అందులో అతని తప్పు వెతకను. మా ప్రాంతంలో పనిచేసే ప్రతి వస్తువుకూ బొట్టు పెట్టడం ఆనవాయితీ. నేనూ నా కుట్టుమిషనుకు పెడతాను.

రెండు రోజుల తర్వాత నేను వెళ్లేసరికి ల్యాప్‌టాప్ చచ్చిపడి ఉంది. అప్పటికే గౌస్‌ను పిలిపించారు. దామోదరం, అతని గుమాస్తా, ఇద్దరు బేరగాళ్లు చుట్టూ నిలబడ్డారు.

గౌస్ తన పద్ధతిలోనే మొదలుపెట్టాడు. గోడ ప్లగ్గులో బల్బు పెట్టి చూశాడు, వెలిగింది. స్టెబిలైజర్ ముల్లు చూశాడు, ఉండవలసిన చోటే ఉంది. చార్జరు చివరి పిన్నుకు మీటరు పట్టాడు, కరెంటు వస్తున్నది. బ్యాటరీ ఊడదీసి నేరుగా పెట్టి చూశాడు. దీపం వెలగలేదు.

"పిన్నుదాక వస్తాంది. లోపల్కి పోతలేదు" అన్నాడు తనలో తాను.

ల్యాప్‌టాప్‌ను వెలుతురు వైపు తిప్పి, కంటికి భూతద్దం పెట్టుకుని పిన్ను దూర్చే రంధ్రంలోకి చూశాడు. చాలాసేపు చూశాడు. జేబులోంచి సూది తీసి, లోపలి నుంచి ఏదో గీకి, ఒక కాగితం ముక్కలోకి రాల్చి, మడిచి జేబులో పెట్టుకున్నాడు. మళ్లీ పిన్ను పెట్టాడు. అయినా వెలగలేదు. భూతద్దం తీసేశాడు.

నేను ఆ ప్రశ్న కోసం చూస్తున్నాను. అతడు అడగలేదు.

"హైదరాబాద్ తీస్కపోవాలె సేటు. లోపల కార్డు మాడింది."

"ఎందుకు మాడింది?"

గౌస్ చార్జరు తీగను చుట్టడం మొదలుపెట్టాడు. "తెలువది సేటు."

"నీకు తెలువదా? ఊళ్లె అందరి తప్పులు తెలుస్తయ్ నీకు!"

బేరగాళ్లు నవ్వారు. గౌస్ తల ఎత్తలేదు.

"తెలువక కాదు, చెప్తె నీ పేరు పోతది" అన్నాడు దామోదరం. "కరెంటు గీ డబ్బల నుంచే గదా వచ్చింది? నీ డబ్బానే కాల్చింది. ఫికర్ లేదంటివి గదా, ఏమైంది నీ ఫికర్?"

"డబ్బా మంచిగనే ఉంది సేటు. ముల్లు చూడు."

"ముల్లు కూడ నువ్వు పెట్టిందే నాయిన! తీస్కపో, నీ డబ్బా నీ దగ్గరే పెట్టుకో."

ఒక్క మాట చాలు. దర్గాలో అన్న మాట ఇక్కడ అంటే చాలు. ఇరవై ఏళ్లుగా ఊరందరినీ నిలదీసిన మనిషి ఆ ఒక్క మాట అనకుండా వంగి, ప్లగ్గు పీకి, స్టెబిలైజర్‌ను భుజాన పెట్టుకుని బయటికి నడిచాడు. మిల్లు నుంచి బస్టాండుదాకా బజారంతా చూసింది.

పొద్దు వాలకముందే దుకాణానికి వెళ్లాను. కోపంగా వెళ్లాను. "ఏడో తరగతిలో నా మీదికే లేచినవు, ఈ రోజు నోరు పడిపోయిందా?" అన్నాను. అతడు జేబులోంచి కాగితం తీసి నా ముందు విప్పాడు. అందులో ఎర్రగా, పచ్చగా చిన్న పెంకు.

"వాసన చూడు టీచరమ్మా."

పసుపు వాసన. తడిగా ఉన్నప్పుడే ఎవరో పిన్ను పెట్టి కరెంటు వేశారు. లోపల కార్డు మాడిపోయింది. నాకు దామోదరం ఉంగరం వేలు కళ్ల ముందు కదిలింది.

"ఈ మాట అక్కడ ఎందుకు చెప్పలేదు?"

"ఏమని చెప్పాలె? మీరు చేసిన పూజతోటి మీ మిషిని సచ్చింది అనాల్నా? గా మాట నా నోట్ల నుంచి రావాల్నా?"

"ఉర్సులో ముజావర్ సాబ్‌ను అన్నావు కదా?"

"గది నా ఇల్లు" అన్నాడు. "నా ఇంట్ల నేను తిడితె నవ్వుతరు. నువ్వు చెప్తె గూడ సేటు నవ్వుతడు, మా టీచరమ్మ అంటడు. నేను చెప్తె కుంకుమ సంగతి ఎవ్వలు ఇనరు టీచరమ్మా. గౌస్ అన్నడు అని ఇంటరు. రేపటికల్ల గది కంప్యూటర్ ముచ్చట ఉండదు. నాకు పిల్లలున్నరు."

"అయితే నేనే చెబుతాను."

"నువ్వు చెప్తె నేను చెప్పిచ్చిన్నంటరు. నేను బతికున్నన్ని రోజులు చెప్పనని మాటియ్యి."

ఇచ్చాను. ఇష్టంతో ఇవ్వలేదు, అడిగిన హక్కు అతనిది కాబట్టి ఇచ్చాను. అతడు కాగితాన్ని మడిచి చెత్తబుట్టలో వేయబోయి ఆగాడు. బయటికి వెళ్లి, ఎవరూ తొక్కని చోట గోడ మొదట్లో రాల్చి వచ్చాడు.  తనను ముంచబోయే వస్తువు ఎవరికో పవిత్రమైనదని తెలిసి అతడు చూపిన మర్యాద అది. ఆ మర్యాదలో పదో వంతు తిరిగి అతనికి దక్కి ఉంటే ఈ వ్యాసం నేను రాసేదాన్ని కాదు.

హైదరాబాదులో కార్డు మాడిందనే చెప్పారు. గౌస్ చెప్పింది కూడా అదే. కానీ ఎందుకు మాడిందో చెప్పగల ఆనవాలు సూది మొనతో గౌసే తీసేశాడు. ఇక మిగిలిన ముద్దాయి ఆకుపచ్చ డబ్బా ఒక్కటే. గౌస్ డబ్బా కంప్యూటర్‌ను కాల్చిందన్న మాట బజారులో పడింది. దామోదరం పని కట్టుకుని చెప్పలేదు, అడిగినవాళ్లకు మాత్రం చెప్పాడు. అడగనివాళ్లు ఉంటే కదా. ఒకరి తర్వాత ఒకరు డబ్బాలు తెచ్చి దుకాణం ముందు పెట్టి పోయారు. పదేళ్లు ఏ గొడవా లేకుండా నడిచిన డబ్బాలు! తహసీల్దారు ఆఫీసు పంపింది. పటేల్ తెచ్చాడు. "జర భయమైతాంది గౌసూ, ఏమనుకోకు" అన్నాడు. ముజావర్ సాబ్ కొడుకు కూడా తెచ్చాడు. ఇది ఒక మతంవాళ్లు చేసిన పని అని ఎవరైనా అనుకుంటే తప్పు. భయం అందరికీ సమానంగా పంచబడింది.

ఎవరి డబ్బా తెచ్చినా గౌస్ దాన్ని ప్లగ్గులో పెట్టి, ముల్లు చూపించి, "మంచిగనే ఉంది" అనేవాడు. అంతకంటే ఏమీ అనేవాడు కాదు. పని అడిగేవాళ్లు తగ్గారు. వచ్చినవాళ్లను కూడా ఆ పాత ప్రశ్న అడగడం మానేశాడు. అడిగితే వాళ్లే తిరిగి అడుగుతారని అతనికి తెలుసు. మరుసటి ఏడు వానలకు ముందు దుకాణం మూసి నార్కట్‌పల్లి వెళ్లిపోయాడు. తన పేరుతో తన చేత్తో వస్తువు చేసిన మనిషి పరాయి షెడ్డులో లారీల కింద పడుకుని తీగలు కలిపాడు. హలీమా ఇక్కడే అత్తగారి దగ్గర ఉండిపోయింది. అతడు నెలకోసారి వచ్చేవాడు. వచ్చినప్పుడు మా ఇంటికి వచ్చి, స్టెబిలైజర్ మీద చెయ్యి పెట్టి వేడి చూసి వెళ్లేవాడు. అది ఈ రోజుకీ నడుస్తున్నది. గుడ్డ కప్పలేదు.

అతని మీద కూడా నాకు కోపం ఉంది. పోయినవారి మీద కోపం రాయకూడదంటారు, అయినా రాస్తున్నాను. ఆ రోజు ఆ గదిలో నిలబడి నన్ను నమ్మి, "టీచరమ్మా, నువ్వు చూడు" అని ఆ కాగితం నా చేతికిచ్చి ఉంటే సరిపోయేది. నమ్మలేదు. నమ్మదగిన ఊరే అని నేను ఘంటాపథంగా చెప్పలేను కనుక ఆ కోపం ఎటు వేయాలో తెలియక నా దగ్గరే ఉండిపోయింది.

కొత్తకోటలోనే మట్టి చేశారు. వారం తర్వాత సంతాపసభ. ఎక్కడ? దామోదరం మిల్లు ఆవరణలో. కుర్చీలు, మైకు, దండ అన్నీ దామోదరమే ఏర్పాటు చేశాడు. అతని కళ్లలో నీళ్లు నిజమైనవే. "గౌస్ వంటి పనివాడు మళ్ల పుట్టడు. ఒక్క తప్పు ఎవరి చేతనైనా జరుగుతది, మనసుల పెట్టుకోవద్దు" అన్నాడు మైకులో. క్షమించేశాడు! పటేల్ కూడా మాట్లాడాడు. మసాలాలు తిరగబడిన ముచ్చట చెప్పి అందరినీ నవ్వించాడు. హలీమా ఆడవాళ్ల వైపు నా పక్కన కూర్చుని ఉంది.

తర్వాత బల్ల మీద ఉన్న గౌస్ ఫొటోకు దండ వేయడానికి లేచారు. దామోదరం ముందు నడిచాడు. దండ వేశాడు. పక్కన పళ్లెంలో, ఏ సభకైనా పెట్టినట్టే పెట్టిన కుంకుమ గిన్నె ఉంది. ఆలోచించకుండా, అలవాటు చొప్పున, ఉంగరం వేలు అందులో అద్ది ఫొటో అద్దం మీద గౌస్ నొసట బొట్టు పెట్టాడు. చేతులు జోడించాడు.

నేను లేచాను. కొంగుతో తుడవాలని. హలీమా నా మణికట్టు పట్టుకుంది.

"ఉండనియ్ టీచరమ్మా. ఏమనకు."

ఆమెకు కాగితం సంగతి తెలుసు. ఆమె భర్త ఆమెకు వదిలి వెళ్లిన ఆస్తి ఆ మౌనమేనని నాకు అప్పుడు అర్థమైంది. కూర్చున్నాను. కానీ నేను మాట ఇచ్చింది గౌస్‌కు, అదీ అతడు బతికున్నన్ని రోజులకు. ఆ గడువు తీరింది.

గౌస్‌కు నా నివాళి ఇదే: అతని డబ్బా మంచిది. ఈ ఊరికి వచ్చిన మొదటి ల్యాప్‌టాప్‌ను అది కాల్చలేదు. గోడ నుంచి పిన్నుదాకా ప్రతి మెట్టూ సరిగ్గా ఉంది, నేను చూశాను. అతడు ఎవరినీ వదలకుండా అడిగి, ఒక్కచోట మాత్రం అడగకుండా వదిలేసిన ప్రశ్నను అతని టీచరుగా నేను అడుగుతున్నాను. అందరి ముందూ జవాబు చెప్పు దామోదరం, మెట్లు రాయి. ఆఖరికి చెయ్యి పెట్టిందెవలు?